పరిగె ఏరింది వాళ్లు, గాదె తాళం ఎవరిది?

అమెరికాలో పుట్టిన మార్మన్ చర్చిలో స్త్రీల సంగతి వచ్చినప్పుడల్లా చర్చ యాజకత్వం, అంటే మతకర్మలు జరిపే అధికారం, దగ్గరే తిరుగుతోంది. పన్నెండేళ్ల మగపిల్లాడికి దక్కేది డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు ఎందుకు దక్కదు? న్యాయమైన ప్రశ్నే. దాని మీద ఉద్యమం నడిపిన కేట్ కెల్లీని 2014లో వెలివేశారు. సమాన హక్కుల రాజ్యాంగ సవరణ కోసం గొంతెత్తిన సోనియా జాన్సన్‌ను 1979లోనే వెలివేశారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు మాత్రం అసలు కథ గోధుమల్లో కనిపిస్తుంది.

కరువొస్తే పనికొచ్చేలా ధాన్యం దాచండని 1876లో చర్చి అధినేత బ్రిగమ్ యంగ్ ఆడవాళ్లకు పని అప్పజెప్పాడు. ఎమ్మెలిన్ వెల్స్ ముందు నడిచింది. చర్చికి కేంద్రమైన యూటాలో, కోతలైపోయిన పొలాల్లో పిల్లల్ని వెంటేసుకుని, బైబిల్లో రూతులాగే పరిగె ఏరారు. ఆదివారం కోళ్లు పెట్టిన గుడ్లు అమ్మి డబ్బు కూడబెట్టారు. సొంత గాదెలు కట్టుకున్నారు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వస్తే పిండి పంపారు. 1842లో మొదలైన వాళ్ల మహిళా సంఘం రిలీఫ్ సొసైటీకి సొంత నిధి ఉండేది, తర్వాత సొంత పత్రికా వచ్చింది. అది బహుభార్యాత్వపు కాలమని మరిచిపోను. అయినా 1896లో మార్తా హ్యూస్ కానన్ యూటా రాష్ట్ర సెనేట్ ఎన్నికల్లో సొంత భర్తనే ఓడించింది ఆ నేల మీదే.

1918లో, యుద్ధం రోజుల్లో, ఆ గోధుమలు రెండు లక్షల బుషెళ్లకు (బుషెల్ అంటే ధాన్యపు కొలత) పైగా అమెరికా ప్రభుత్వానికి అమ్మేశారు. బేరం కుదిర్చింది బిషప్పులు, అంటే చర్చి పాలన చూసే మగ పెద్దలు. సొసైటీ పెద్దల్ని ముందుగా ఒక్క మాట కూడా అడగలేదు. నలభై ఏళ్లు నడుం వంచి ఏరినవాళ్లను అడగాలని తోచనేలేదు! 1970లో సొసైటీ సొంత నిధులు, సభ్యత్వ రుసుము పోయాయి, పత్రిక ఆగిపోయింది. 1978లో అప్పటికి సొసైటీ దగ్గరున్న గోధుమలూ, వాటి నిధీ చర్చి చేతికి వెళ్లాయి.

ఆడవాళ్లకు చందాల టెన్షన్ తప్పించడానికే ఈ మార్పని చర్చి సమర్థకులు అంటారు. ఇప్పుడు హాయిగా ఉందని చెప్పే మార్మన్ మహిళలు చాలామందే ఉన్నారు, వాళ్ల మాట అబద్ధమనను. కానీ బరువు దించే వంకతో నిర్ణయాన్ని కూడా లాగేసుకుంటే అది సాయం ఎలా అవుతుంది?

ఇవాళ ప్రతి స్థానిక సంఘంలో సొసైటీ అధ్యక్షురాలిని పిలిచి నియమించేది ఆ సంఘపు బిషప్. ఆమె ఖర్చు పెట్టే ప్రతి పైసా బిషప్ చూసే బడ్జెట్ లోదే. ఆ బిషప్ ఎప్పుడూ మగవాడే. చర్చి పవిత్ర ఆలయంలోకి వెళ్లాలంటే ఆమె ఒక గదిలో ఆయన ఎదుటో, ఆయన సహాయకుడి ఎదుటో కూర్చోవాలి. శీలం ఎలా ఉంది, దశమభాగం (ఆదాయంలో పదోవంతు) పూర్తిగా ఇస్తున్నావా అని అడిగితే జవాబు చెప్పాలి. ఆ దశమభాగం ఎటు పోతుందో ఆమె తిరిగి అడిగే గది మాత్రం లేదు.

ఈ చర్చికి మన హైదరాబాద్‌లో, విశాఖలో కూడా సంఘాలున్నాయి. అక్కడా ఇదే పద్ధతి. డ్వాక్రా సంఘంలో తీర్మానం రాసి, బ్యాంకుకెళ్లి, లక్షల లెక్క పైసాతో సహా అప్పజెప్పడం నేర్చిన నేల ఇది. ఇక్కడి ఆడవాళ్లకు ఏ మతమైనా, ఏ గుడైనా, ఏ మసీదైనా పదవి ఇచ్చి తాళంచెవి దాచేస్తానంటే నేను ఒప్పుకోను.

రిలీఫ్ సొసైటీ డబ్బు రిలీఫ్ సొసైటీకే తిరిగివ్వాలి. ఖాతా వేరుగా, సంతకం ఆడవాళ్లదిగా ఉండాలి. దానికి కొత్తగా దైవవాణి దిగిరానక్కర్లేదు, 1970కి ముందు నడిచిన పద్ధతే అది.