గంటకో గీత

రోజుకు నాలుగు లీటర్ల నీళ్ల వ్రతం పట్టి నేటికి పదకొండు రోజులు. ఉద్యాపన ఎప్పుడో దీక్ష ఇప్పించిన మా బావమరిదికే తెలియాలి. నల్లగొండలో అతను పొట్ట తగ్గించుకున్న మొదటి మనిషి, కాబట్టి వైద్యుడు కూడా.

వ్రతానికి కావలసిన ముఖ్య పరికరం రెండు లీటర్ల సీసా. దాని మీద గంటకో గీత. తొమ్మిదింటికి ఇంత, పదకొండింటికి ఇంత. మూడు గంటల గీత పక్కన నువ్వు సాధించగలవని ఇంగ్లిషులో రాసుంది. గ్రూప్-2 రాసినప్పుడు కూడా నన్నెవరూ ఇంతగా నమ్మలేదు.

ఇంత నీటికి ఆధారం ఏమిటని వెతికాను. 1945లో అమెరికా పోషకాహార మండలి, పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందని రాసింది. అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని ఆ వెంటనే ఇంకో వాక్యం రాసింది. లోకం మొదటి వాక్యం దగ్గరే పుస్తకం మూసేసింది. పచ్చిపులుసు, పప్పుచారు, సల్ల పోసుకుని అన్నాన్ని ఈదులాడించే మనకు ఆ రెండో వాక్యం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఇక బరువు సంగతి. దీక్ష మొదటి రోజే లీటరు నీళ్లు గటగటా తాగి కాటా ఎక్కాను. సరిగ్గా కిలో పెరిగాను. లీటరు నీళ్ల బరువు కిలో అని ఆరో తరగతిలో చెప్పిన సారును తలుచుకున్నాను. భోజనానికి ముందు అరలీటరు తాగినవాళ్లు పన్నెండు వారాల్లో మిగతావాళ్లకంటే ఓ రెండు కిలోలు ఎక్కువ తగ్గారని 2010లో ఒక అధ్యయనం వచ్చిన మాట నిజమే. కాకపోతే వాళ్లు తిండి కూడా తగ్గించారు. ఈ ముక్క బావమరిది చెప్పలేదు. నేను అరలీటరు తాగి, ధైర్యంగా నాలుగు మిర్చి బజ్జీలు తింటున్నాను. చాయ్ మానేసి దాని బదులు నీళ్లు తాగితే చక్కెరన్నా తగ్గేది, కానీ వ్రతంలో చాయ్ నిషేధం లేదు.

దీక్షలోనే హైదరాబాద్ ప్రయాణం పడింది. నార్కట్‌పల్లి దాటేసరికి శరీరం మొర పెట్టుకుంది. చిట్యాలలో డ్రైవర్ ఆపలేదు. చౌటుప్పల్ వచ్చింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకానికి 2015లో పైలాన్ ఆవిష్కరించింది ఈ ఊళ్లోనే. నీళ్లు రావడం గురించి అంత ఆలోచించారు, పోవడం గురించి ఎవరూ ఆలోచించలేదు. బస్సులో ఆడవాళ్లు మాత్రం నిశ్చింతగా కూర్చున్నారు. ప్రయాణం ఉందంటే పొద్దుటి నుంచే గుక్కెడు తాగరు కదా. వాళ్లకు గీతల సీసా అమ్మాలనుకునేవాడు ముందు బస్టాండులో మరుగుదొడ్డి కడిగించాలి.

మొన్న మర్రిగూడ వెళ్లాను, మా మేనత్తను చూడ్డానికి. ఆ వైపు ఎక్కువ నీళ్లు తాగమని ఎవరూ సలహా ఇవ్వాల్సిన పని లేకపోయింది. ఎండలో కూలి చేసేవాళ్లు కడుపునిండా తాగారు, ఫ్లోరైడ్ ఉన్న బోరింగు నీళ్లే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ చేటు. ఎంత ఎక్కువ తాగితే అంత ఎక్కువ ఒంట్లో చేరి ముందు పళ్లను, తర్వాత ఎముకలను పట్టుకుంటుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారు చేసి, దానికి మా జిల్లా పేరే పెట్టింది. ‘నల్లగొండ టెక్నిక్’ అంటే విదేశీ పుస్తకాల్లోనూ దొరుకుతుంది. మాకింత పేరు నీళ్ల వల్లే వచ్చింది. మేనత్త నడుము కూడా ఆ నీళ్ల వల్లే వంగింది. ఇప్పుడు ఆమె ఇంట్లో కృష్ణా నీళ్ల నల్లా ఉంది.

అత్త నా సీసా తీసుకుని ఎండకు పట్టి చూసింది. ఫ్లోరైడ్ కంటికి కనబడదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా చూసింది.

“ఈ గీతలేంది అల్లుడా?”

“ఏ గంటకు ఎన్ని నీళ్లు తాగాల్నో చెప్తయి అత్తా.”

“ఏ బోరు నీళ్లో చెప్తయా?”

ఆ రోజు కోటాలో ఇంకా లీటరున్నర మిగిలుంది. అదంతా అక్కడే నమిలాను.