అనాటమీ అంటే కోసి చూడడం

అనాటమీని మనం శరీర నిర్మాణ శాస్త్రం అంటున్నాం. ఆ పేరు వింటే గోడకు వేలాడే ఎముకల పటం గుర్తొస్తుంది. కానీ గ్రీకులో ఆ మాటకు మూలం 'టెమ్నీన్', అంటే కోయడం. 'ఆటమ్' కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది, ఇక కోయడానికి వీల్లేనిదని అర్థం. మన తెలుగు పేరులో ఈ కోత కనపడదు. అందుకే ఆ కోతకు ఓ మనిషి శరీరం కావాలన్న సంగతి కూడా మనకు తట్టదు. నా బాధంతా అక్కడే.

ప్రాచీన రోమ్‌లో గ్రీకు వైద్యుడు గాలెన్‌కు మనిషి శవాన్ని కోసే వీలు లేదు. కోతుల్నీ పందుల్నీ కోసి, అదే మనిషికీ వర్తిస్తుందని రాశాడు. మన కింది దవడ రెండు ఎముకలన్నాడు. యూరప్ వైద్యులు శతాబ్దాల పాటు నమ్మారు. 1543లో వెసేలియస్ అనే వైద్యుడు తను స్వయంగా కోసి చూసి రాసిన పుస్తకంలో అది ఒక్కటే ఎముకని చూపించాడు.

మన సుశ్రుతుడు అంతకు ఎంతో ముందే దారి చెప్పాడు. శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులుంచి, తీసి, కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొర కళ్లారా చూడమన్నాడు. అలాంటి దేశంలో తర్వాత శవాన్ని ముట్టుకోవడమే మైలైపోయింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో శవాన్ని కోయడానికి కత్తి పట్టిన మధుసూదన్ గుప్తా ఆయుర్వేద పండితుడే. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి.

ఇప్పుడు మన పిల్లలకు ఎంబీబీఎస్ మొదటి ఏడాది పాఠం చెబుతున్నది ఎవరి శరీరాలు? దానమిచ్చినవాళ్లవి కొన్ని. మిగతావి వార్డులోనో రోడ్డు పక్కనో పోయి, తీసుకెళ్లే దిక్కు లేనివాళ్లవి. వాళ్లను ఎవరూ అడగలేదు. పేదవాడి శరీరం మీద నేర్చుకున్న వైద్యం అందరికీ కావాలి, మన శరీరం మాత్రం ఇవ్వం! ఇది అన్యాయం కాదా? 2024లో సీతారాం ఏచూరి చనిపోతే కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది. మన ఇళ్లలో ఆ మాటెత్తితే "అశుభం మాట్లాడకు" అంటారు.

అవయవదానం వేరు, దేహదానం వేరు. దేహం వెళ్లేది కాలేజీ అనాటమీ విభాగానికి. ఫారం నింపి బీరువాలో పెడితే సరిపోదు, చివరికి ఫోన్ చేసి అప్పగించాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే ఈ ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడే చెప్పేయండి.