దిగ్భ్రాంతి గారికి ఒక డెస్కు మనిషి లేఖ

మహారాజశ్రీ దిగ్భ్రాంతి గారికి, ఒక పత్రికా ఉపసంపాదకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఎక్కడో ఎవరో కుశలంగా లేకపోతేనే కదా తమరికి పని!

మాకు తమరు చేసే ఉపకారం తక్కువేమీ కాదు. మూడే అక్షరాలు, సింగిల్ కాలమ్‌లో ఇట్టే ఇమిడిపోతారు. ‘ముఖ్యమంత్రి దిగ్భ్రాంతి’ అని పెట్టేస్తే పేజీ పంపేయవచ్చు. చిక్కల్లా నడుమ అక్షరంతోనే. గకు దీర్ఘం, కింద భ ఒత్తు, ఆపైన క్రావడి, పక్కన సున్న. ఇంత బరువు మోయలేక చాలా ప్రకటనల్లో భ కాస్తా బ అయిపోతుంది. ఘోరం జరిగిన రోజున ఒత్తుల గురించి అడగడం మర్యాద కాదని మేమే దిద్దుకుంటాం.

నిఘంటువు ప్రకారం తమరంటే తూర్పేదో పడమరేదో తెలియని స్థితి. మరి ఆ స్థితిలో ఉన్న పెద్దమనిషి ప్రగాఢ సానుభూతి తెలిపి, క్షతగాత్రులకు మెరుగైన వైద్యం అందించాలని అధికారులను ఆదేశించి, పరిహారం ప్రకటించి, విచారణకు కమిటీ కూడా వేస్తారు. అన్నీ ఒకే కాగితంలో, ఏనాడూ వరస తప్పకుండా. ప్రధాని సహాయనిధి నుంచి మృతుల కుటుంబాలకు 2 లక్షలు, గాయపడినవారికి 50 వేలు అనే వాక్యంలో ఊరి పేరు మారిస్తే చాలు. నిజంగా దిక్కు తోచనివారు మార్చురీ బయట పంచనామా కాగితాల కోసం నిలబడి ఉంటారు. వాళ్లు ‘అయ్యో’ అంటారు, ‘ఓ నా తండ్రీ’ అంటారు. తమరి పేరెత్తినవాళ్లను నేను చూడలేదు.

అలంకారశాస్త్రం కూడా తమరిని లెక్కలోకి తీసుకోలేదు. కరుణరసానికి స్థాయిభావం, అంటే నిలిచి ఉండే మూలభావం, శోకం. వచ్చిపోయే 33 సంచారి భావాల్లో విషాదం ఉంది, జడత ఉంది, ఆఖరికి నిద్రకూ చోటుంది (కార్యాలయాలు తెలిసినవారెవరో రాసి ఉంటారు). తమరు లేరు.

అయినా, దిగ్భ్రాంతి చెందాలంటే జరిగింది అనుకోనిదై ఉండాలి కదా! 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొంది. పసిపిల్లలు పోయారు. ఆ గేటుకు కాపలా లేదన్న సంగతి అంతకుముందు రోజు రైల్వేకు తెలియదా? బ్రాడ్‌గేజి మార్గాల్లో అలాంటి గేట్లన్నిటినీ 2019 జనవరికల్లా తీసేశారు. తలచుకుంటే అయ్యే పనేనన్నమాట.

తొంభై దాటి, మంచం పట్టిన నాయకుడు పోయినా తమరే దిగుతారు. ఆయన సంతాప వ్యాసం మా దగ్గర ఫొటోతో సహా ఎప్పుడో సిద్ధంగా ఉంటుంది!

ఒక్క మనవి. ఇకమీదట తమరు ప్రమాదానికి ముందు రండి. కూలడానికి సిద్ధంగా ఉన్న వంతెన ఫైలు ఎవరి బల్ల మీద ఉందో కనుక్కుని, ఆయన్ని పట్టుకోండి. మరమ్మతుకు సంతకం పెట్టేదాకా వదలకండి.

ఇట్లు,
రాత్రి డ్యూటీ ఉపసంపాదకుడు