పెన్షన్ ఇక్కడిదే, ఊరు మారితే పన్ను పడుతోంది

వనస్థలిపురంలో ఉండే మా పెద్దనాన్న రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. నెలకు 80 వేల పెన్షన్. డల్లాస్‌లో ఉంటున్న కూతురికి అమెరికా పౌరసత్వం వచ్చాక అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు పెట్టింది. అది వచ్చింది కూడా. ఇల్లు అద్దెకివ్వాలా, తాళం వేసి వెళ్లాలా అనే చర్చ నడుస్తుండగా, ఆడిటర్ గారు ఒక చీటీ మీద రెండు అంకెలు రాసిచ్చారు. హైదరాబాద్‌లో ఉంటే పన్ను సున్నా. డల్లాస్‌లో స్థిరపడితే 29,640 రూపాయలు. పెద్దనాన్న ఆ చీటీ నా చేతిలో పెట్టి, "ఈ ముప్పై వేలు అమెరికావాళ్లకు కట్టాలా?" అని అడిగారు. కాదు, మన ప్రభుత్వానికే కట్టాలి.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో లెక్క ఇదీ. ఏడాది పెన్షన్ 9,60,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 8,85,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షల మీద 5 శాతం, అంటే 20,000. మిగిలిన 85,000 మీద 10 శాతం, 8,500. దానికి 4 శాతం సెస్ కలిపితే 29,640. మనిషి ఎక్కడున్నా ఇంతవరకూ లెక్క ఒకటే. తేడా అంతా రిబేటు దగ్గర వస్తుంది. పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే ఆ పన్ను మొత్తాన్ని రిబేటు కొట్టేస్తుంది. కానీ చట్టం దాన్ని 'రెసిడెంట్'కు, అంటే ఇండియా నివాసిగా లెక్కకొచ్చే వ్యక్తికి మాత్రమే ఇచ్చింది. ఎన్నారై అయిన మరుక్షణం ఆ తలుపు మూసుకుంటుంది. పాత విధానంలో సీనియర్ సిటిజన్లకు ఉండే అదనపు మినహాయింపు పరిమితి కూడా అంతే, రెసిడెంట్లకే.

మరి అమెరికా సంగతి? రెండు దేశాల మధ్య 1989లో కుదిరిన పన్ను ఒప్పందం ప్రకారం, ప్రభుత్వోద్యోగం చేసినందుకు వచ్చే పెన్షన్ మీద, ఆ పెన్షన్ ఇచ్చే దేశమే పన్ను వేయాలి. ప్రైవేటు కంపెనీ పెన్షన్‌కైతే దీనికి తలకిందులు, నివాసం ఉన్న దేశమే వేయాలి. అలాగని ప్రభుత్వ పెన్షనర్లు అమెరికాలో నిశ్చింతగా ఉండొచ్చనుకుంటే పొరపాటు. తన పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల విషయంలో తన చట్టం ప్రకారమే పన్ను వేసుకునే హక్కును అమెరికా అదే ఒప్పందంలో అట్టిపెట్టుకుంది. కాబట్టి గ్రీన్‌కార్డు తీసుకుని అక్కడ ఉంటే, తెలంగాణ ట్రెజరీ నుంచి వచ్చే పెన్షన్‌ను కూడా అక్కడి రిటర్నులో చూపించాలి. ఇక్కడ కట్టిన పన్నును అక్కడ తగ్గించుకునే వీలుంది.

నిజానికి పెద్దనాన్న లాంటి వాళ్లకు అక్కడ పన్నే పడదు. 9,60,000 రూపాయలంటే అటూ ఇటుగా 11 వేల డాలర్లు. 65 దాటిన భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే 30 వేల డాలర్లకు పైనే స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. పన్ను లేకపోయినా కాగితాలు మాత్రం తప్పవు. ఇక్కడి సేవింగ్స్ ఖాతాలు, ఎఫ్‌డీలు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే వివరాల పత్రం వేయాలి. రిటైర్మెంట్ డబ్బును ఎఫ్‌డీలో పెట్టిన చాలామందికి అది దాటుతుంది. ఒక్క డాలర్ పన్ను బాకీ లేకపోయినా, ఈ పత్రం వేయనందుకు వేల డాలర్ల జరిమానా పడొచ్చు. పిల్లలకు కూడా ఈ విషయం తట్టదు. నాన్న ఖాతా హైదరాబాద్‌లోదే కదా అనుకుంటారు.

బ్యాంకులో కూడా మార్పు వస్తుంది. నివాసం మారాక సేవింగ్స్ ఖాతాను, ఇక్కడి ఆదాయం కోసం ఎన్నారైలు వాడే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. ఇక్కడున్నప్పుడు సీనియర్ సిటిజన్‌కు ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ దాకా టీడీఎస్, అంటే బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, ఉండదు. ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్‌లో మామూలుగా మొదటి రూపాయి వడ్డీ నుంచే 30 శాతం, పైన సెస్ పట్టుకుంటారు. ఎక్కువ పట్టుకున్నది వెనక్కి రావాలంటే రిటర్ను వేసి రిఫండ్ కోసం ఎదురుచూడాలి. డెబ్బై ఏళ్ల మనిషి డల్లాస్‌లో కూర్చుని, హైదరాబాద్ ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ కోసం అర్ధరాత్రి మేలుకోవడం నేను కళ్లారా చూశాను.

ఎన్నారైకి రిబేటు ఎందుకివ్వాలి అనే ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. డల్లాస్‌లో లక్షన్నర డాలర్లు సంపాదించే అల్లుడికి హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె వస్తోందనుకుందాం. అతని అమెరికా జీతం మీద మన దేశం పన్ను వేయదు. కనిపించే ఆ చిన్న అద్దెను చూసి తక్కువ ఆదాయం ఉన్నవాడని రిబేటు ఇస్తే అది సరికాదు. కానీ ఉన్న ఆదాయమంతా ఇక్కడిదే అయిన పెన్షనర్‌ను కూడా అదే గాటన కట్టేయడం నాకు ఏ కోశానా సమంజసం అనిపించదు. ముప్పై ఏళ్ల పైబడి ఇక్కడే పనిచేసి, జీతంలోంచి పన్ను కట్టిన మనిషి ఆయన. ఇల్లు మారిందే గానీ ఆయన స్తోమత మారలేదు.

దీనికి దారి కూడా కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. జర్మనీ ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. ఒక మనిషి మొత్తం ఆదాయంలో కనీసం 90 శాతం జర్మనీ పన్ను కిందికి వచ్చేదైతే, అతను పక్క దేశంలో కాపురమున్నా తనను జర్మనీ నివాసి లాగే లెక్కించమని కోరవచ్చు. జర్మనీలో పనిచేస్తూ బెల్జియంలో నివసించిన ఒక ఉద్యోగి కేసులో 1995లో యూరప్ న్యాయస్థానం చెప్పిన తీర్పు సారాంశం కూడా అదే: ఆదాయమంతా ఒక దేశంలోనే ఉన్నప్పుడు, అతని వ్యక్తిగత పరిస్థితిని చూడాల్సింది ఆ దేశమే. మన దగ్గర 60 దాటిన పెన్షనర్ల వరకైనా ఈ నియమం పెడితే ఖజానాకు వచ్చే లోటు ఏపాటిది?

అది వచ్చేదాకా రోజుల లెక్క చూసుకోవాలి. ఏడాదిలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా, 182 రోజులు ఇండియాలో ఉంటేనే రెసిడెంట్ అని చాలామంది అనుకుంటారు. ఉద్యోగం కోసం కాకుండా పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు, వెళ్లే ఏడాదిలో 60 రోజులు చాలు, అంతకు ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉండి ఉంటే. అంటే జూన్‌లో విమానం ఎక్కినా ఆ ఏడాదికి రిబేటు పోదు. ఆరు నెలల విజిట్‌కు వెళ్లివచ్చే తల్లిదండ్రులకూ అందుకే ఇబ్బంది ఉండదు. అక్కడే స్థిరపడి, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చే ఏడాది నుంచే 182 రోజుల లెక్క మొదలవుతుంది. ఇండియా ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు అది 120 రోజులు. మరోవైపు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఒకే విడతలో 180 రోజులకు మించి బయట ఉంటే, తిరిగి వెళ్లేటప్పుడు అమెరికా ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు ఎదురుకావచ్చు.

పెద్దనాన్న గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నారు. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 దాకా మామిడిపళ్ల కాలంలో 91 రోజులు, డిసెంబరు 15 నుంచి మార్చి 15 దాకా సంక్రాంతికి 91 రోజులు. సరిగ్గా 182. ఇద్దరికీ ఏడాదికి రెండుసార్లు విమానం టికెట్లంటే, మిగిలే పన్నుకు ఎన్నో రెట్ల ఖర్చని ఆయనకూ తెలుసు. పెద్దమ్మ మోకాళ్లు అంతంతసేపు ప్రయాణం ఒక్కసారికే ఓర్చుకోలేవు. ఆ గీతలు చెరిపేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.