బొగ్గుకు ఒక న్యాయం, సోలార్‌కు ఇంకో న్యాయం

దామరచర్లలో యాదాద్రి థర్మల్ కేంద్రం చిమ్నీలు చూసి మిర్యాలగూడ వైపు మళ్లితే, మిల్లుల దగ్గర వడ్లు ఉడికే వాసన ముక్కుకు తగులుతుంది. అంతర్జాతీయ వాణిజ్య చట్టం ఎవరి కోసం రాశారో తెలియడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) ఉన్న జెనీవా దాకా పోనక్కర్లేదు, ఈ రోడ్డు చాలు. అది అమ్ముకునేవాడి చట్టం. కొనుక్కునేవాడికి అందులో దిక్కు లేదు.

2021 డిసెంబర్ 31న చెప్పి, తెల్లారేసరికి ఇండోనేషియా బొగ్గు ఎగుమతి ఆపేసింది. డబ్ల్యూటీవోకు మూలమైన వాణిజ్య ఒప్పందం గాట్, దాని 11వ అధికరణం అలా ఆపొద్దంటుంది. ఆ వెంటనే, అత్యవసర సరుకుకు తీవ్ర కొరత వస్తే కొంతకాలం ఆపుకోవచ్చనీ అంటుంది. నిషేధం మాని సుంకం వేస్తే చాలావరకు అడిగేవాడే ఉండడు. బొగ్గు మీద ఎవరూ జెనీవా మెట్లెక్కలేదు.

సోలార్‌కు మాత్రం ఎక్కారు. మన జాతీయ సోలార్ మిషన్‌లో దేశంలో తయారైన సెల్స్ వాడాలని షరతు పెడితే 2013లో అమెరికా కేసు వేసింది, 2016లో మనం ఓడిపోయాం. అదే అమెరికా 2022లో స్థానిక సరుకు వాడినవాళ్లకు అదనపు పన్ను రాయితీ ఇస్తూ సొంత చట్టం చేసుకుంది. పాలమూరులో ఎండకు కరువా? స్టార్టర్ డబ్బా పక్కన ప్యానెల్ పెట్టుకునే రైతుకు సెల్ ఎక్కడ తయారవ్వాలో నిర్ణయించే హక్కు మన సర్కారుకు ఉండాలి. నా అసలు గొడవ ఇదే.

దారి సంగతి మరీ అన్యాయం. మన ఊళ్లలో నక్షాలో ఉన్న బండ్లబాటకు అడ్డంగా పక్క చేనువాడు కంచె వేస్తే, సర్వేయర్ కొలిచి పోతాడు, తహసీల్దార్ తీయిస్తాడు. గాట్ 5వ అధికరణం దేశాల మధ్య బండ్లబాట. ఉక్రెయిన్ సరుకు తన మీదుగా పోకుండా రష్యా కంచె వేస్తే, 2019లో డబ్ల్యూటీవో విచారణ బృందం 'జాతీయ భద్రత' కింద దాన్ని ఒప్పేసుకుంది. ఆ డిసెంబర్‌కల్లా జడ్జీలు చాలక అప్పీలు వ్యవస్థే ఆగిపోయింది. ఈ చట్టం అండతో తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ దాటి 1,814 కిలోమీటర్లు పైపులైన్‌లో నడిచి మన దాకా వస్తుందట!

మనమూ బియ్యం ఆపలేదా అంటారు. ఆపాం. 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతి నిషేధించి, ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశాం. మిర్యాలగూడ మిల్లర్లకు వేరే చెప్పాలా? ముందు ఇంట్లోవాళ్ల ఆకలి చూడటం తప్పని నేను అనను. కొనేవాడికి గడువు ఇవ్వాలన్న రూలు గట్టిగా లేకపోవడమే నా అభ్యంతరం, అది మనకూ వర్తిస్తుంది.

అందుకే ఇకపై బొగ్గు, గ్యాస్ అమ్మే ఏ దేశంతో ఒప్పందం రాసుకున్నా, సుంకం తగ్గింపుల కన్నా ముందు ఒక షరతు పడాలి: సరఫరా ఆపాలంటే 90 రోజుల ముందు చెప్పాలి. వడ్లు ముంచెత్తే సీజన్‌లో మన దగ్గర రైతుకు కూడా టోకెన్ ఇచ్చి, ఫలానా రోజు రమ్మంటారు. ఇండోనేషియా మనకు ఒక్క రాత్రి ఇచ్చింది.