సూక్ష్మజీవుల నెట్‌వర్కుల్లో ఒక గీత విలువ ఎంత?

మనిషి పేగులోనైనా, గుప్పెడు మట్టిలోనైనా, సముద్రపు నీటిలోనైనా వందలాది జాతుల సూక్ష్మజీవులు ఒకేచోట బతుకుతుంటాయి. ఒకటి విసర్జించిన పదార్థం మరొకదానికి ఆహారమవుతుంది, ఒకటి విడుదల చేసిన రసాయనం ఇంకొకదాని ఎదుగుదలను ఆపేస్తుంది. వీటిలో అనేక జాతులను ప్రయోగశాలలో విడిగా పెంచడం ఇప్పటికీ సాధ్యపడటం లేదు కనుక, ఏది దేనికి తోడ్పడుతోందో, ఏది దేన్ని అణచివేస్తోందో నేరుగా గమనించే అవకాశం తక్కువ. ఆ లోటును పూడ్చే సాధనంగా ముందుకొచ్చిన నెట్‌వర్క్ విశ్లేషణ ఉపయోగకరమైనదే. అయితే అది గీసి ఇచ్చే చిత్రాన్ని దానికున్న ఆధారాలకు మించి నమ్మే ధోరణి పరిశోధనా పత్రాల్లో బలపడిందని నా అభిప్రాయం.

ఈ చిత్రం తయారయ్యే తీరు క్లిష్టమైనదేమీ కాదు. పదుల సంఖ్యలో నమూనాలు సేకరించి, వాటిలోని డీఎన్ఏ నుంచి బ్యాక్టీరియాను గుర్తుపట్టేందుకు వాడే 16ఎస్ జన్యువును చదివి, ఏ నమూనాలో ఏ జాతి వాటా ఎంతో పట్టిక వేస్తారు. ఏ రెండు జాతుల వాటాలు నమూనా నుంచి నమూనాకు కలిసి పెరుగుతున్నాయో, ఏవి ఎదురెదురుగా మారుతున్నాయో లెక్కగట్టి, సంబంధం బలంగా కనిపించిన జతల మధ్య గీత గీస్తారు. జాతులు బిందువులవుతాయి, సహసంబంధాలు గీతలవుతాయి.

చిక్కంతా ‘వాటా’ దగ్గరే మొదలవుతుంది. డీఎన్ఏను చదివే సీక్వెన్సింగ్ యంత్రం మొత్తం కణాలెన్నో చెప్పదు, మొత్తంలో ఏ జాతి ఎంత భాగమో మాత్రమే చెబుతుంది. ఒక నమూనాలో మూడు జాతులు తలా 100 కోట్ల కణాలతో ఉన్నాయనుకుందాం. రెండో నమూనాలో మొదటి జాతి ఒక్కటే 400 కోట్లకు పెరిగి, మిగిలిన రెండూ ఏమాత్రం మారకుండా ఉన్నా, వాటి వాటా 33 శాతం నుంచి సుమారు 17 శాతానికి పడిపోతుంది. అప్పుడు మొదటి జాతి మిగతా రెండింటినీ అణచివేస్తున్నట్టు, ఆ రెండూ ఒకదానికొకటి తోడుగా నడుస్తున్నట్టు పట్టిక చెబుతుంది. నిజానికి వాటి మధ్య ఏమీ జరగలేదు. నిష్పత్తుల మీద సహసంబంధాలు లెక్కిస్తే లేని సంబంధాలు పుట్టుకొస్తాయని గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1897లోనే హెచ్చరించారు. 1980లలో జాన్ ఎయిచిసన్ లాగరిథమ్ నిష్పత్తులతో దీనికొక గణిత పరిష్కారం చూపారు. 2012లో వచ్చిన స్పార్‌సీసీ, 2015లో వచ్చిన స్పీక్-ఈజీ వంటి పద్ధతులు ఆ బాటలోనివే. కాకపోతే ఇవి కూడా సముదాయంలో నిజమైన సంబంధాలు కొద్దిగానే ఉంటాయన్న ఊహ మీద ఆధారపడతాయి. మొత్తం కణాలను విడిగా లెక్కించి వాటాలను అసలు సంఖ్యలుగా మార్చడం ఇంతకంటే నమ్మదగిన దారి, అయితే ఆ శ్రమకు పూనుకునేవారు తక్కువ.

లెక్క సరిచేసినంత మాత్రాన అర్థం తేటపడదు. ఆక్సిజన్ సోకని చోటును కోరుకునే రెండు జాతులు అలాంటి చోట్లన్నిటా కలిసే కనిపిస్తాయి, వాటి మధ్య ఏ లావాదేవీ లేకపోయినా గీత పడుతుంది. ఒకే ఆహారం కోసం పోటీపడే జాతులు ఆ ఆహారం ఉన్నచోటల్లా కలిసి కనిపించడం వల్ల, పోటీ కాస్తా స్నేహంగా నమోదయ్యే ప్రమాదమూ ఉంది. 2014లో బెర్రీ, విడర్ అనే పరిశోధకులు కంప్యూటర్‌లో సృష్టించిన సముదాయాలతో జరిపిన పరీక్షలో, పరిసరాల ప్రభావం బలంగా ఉన్నప్పుడు నెట్‌వర్కుల నుంచి అసలు సంబంధాలను రాబట్టడం కష్టమవుతుందని తేలింది.

ఇంతకన్నా నాకు అభ్యంతరకరంగా తోచేది, ఎక్కువ గీతలు కలిసే బిందువుకు వెంటనే ‘కీలక జాతి’ (తొలగిస్తే సముదాయమంతా మారిపోయేది) అని పేరు పెట్టేయడం. ఆ భావనను 1969లో ప్రతిపాదించిన జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్, అంతకుముందు అమెరికా పసిఫిక్ తీరపు రాళ్ల మీద నుంచి నక్షత్ర చేపలను ఏళ్ల తరబడి తొలగించి, ఆల్చిప్పలు ఆ స్థలాన్నంతా ఆక్రమించడాన్ని కళ్లారా చూశారు. అంటే తొలగించి చూస్తేనే కీలకత్వం రుజువవుతుంది, గీతలు లెక్కపెడితే కాదు. చిగుళ్ల వ్యాధికి సంబంధించిన పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ చాలా తక్కువ సంఖ్యలో ఉంటూనే మొత్తం సముదాయాన్ని తలకిందులు చేయగలదని 2011లో ఎలుకల మీద జరిపిన ప్రయోగాలు చూపాయి. విచిత్రమేమిటంటే, నెట్‌వర్క్ గీసే ముందు అరుదైన జాతులను పట్టిక నుంచి తీసేయడం పరిపాటి.

అయినా ఈ సాధనాన్ని పక్కన పెట్టమని నేను అనను. టారా ఓషన్స్ అనే సముద్ర పరిశోధన యాత్ర సేకరించిన నమూనాలతో 2015లో ప్రచురించిన సముద్ర ప్లవకాల (నీటిలో తేలియాడే చిన్న జీవుల) నెట్‌వర్క్, ఒక బల్లపరుపు పురుగుకూ ఒక ఆకుపచ్చ శైవలానికీ మధ్య సహజీవనం ఉండవచ్చని సూచించింది. పరిశోధకులు సూక్ష్మదర్శినితో చూసి దాన్ని నిర్ధారించారు. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, క్లాస్ట్రిడియం సిండెన్స్ అనే పేగు బ్యాక్టీరియా తీవ్రమైన విరేచనాలు కలిగించే ప్రమాదకరమైన సీ. డిఫిసీల్ బ్యాక్టీరియాను అడ్డుకుంటుందని గణిత నమూనా సూచించగా, ఎలుకలకు ఆ బ్యాక్టీరియాను ఇచ్చి పరీక్షించారు. పిత్త ఆమ్లాలను మార్చడం ద్వారా అది ఈ పని చేస్తోందని కూడా వెల్లడైంది. రెండుచోట్లా లెక్క ఒక అనుమానాన్ని లేవనెత్తింది, ప్రయోగం దాన్ని తేల్చింది.

ప్రతి గీతనూ ఇలా పరీక్షించడం కుదరదన్నది నిజమే. 2017లో ఫ్రీడ్‌మన్, హిగిన్స్, గోర్ అనే పరిశోధకులు 8 నేల బ్యాక్టీరియా జాతులను జతలు జతలుగా పెంచి చూశారు. ఆ ఫలితాల ఆధారంగా మూడేసి జాతులను కలిపినప్పుడు ఏవి మిగులుతాయో దాదాపు 90 శాతం కచ్చితత్వంతో చెప్పగలిగారు, కానీ ఏడెనిమిది జాతులను కలిపినప్పుడు ఆ కచ్చితత్వం తగ్గింది. 8 జాతులకు 28 జతలే అయినా 100 జాతులకు 4,950 అవుతాయి. వాటిలో ముందుగా ఏ ఇరవై జతలను పెంచి చూడాలో ఎంచుకోవడానికి నెట్‌వర్క్ పనికొస్తుంది. ఆ ఇరవైలో ఎన్ని గీతలు నిలిచాయో, ఎన్ని చెరిగిపోయాయో కూడా అదే పత్రంలో ప్రకటించమని పరిశోధనా పత్రికల సంపాదకులు అడగడం మొదలుపెట్టాలి.