గద్ద ముక్కు పగలగొట్టుకోదండీ

ముందే చెప్తున్నా, ఇది చదివి నాకు ఇన్‌బాక్స్‌లో బైబిలు వాక్యాలు పంపొద్దు. వాక్యం నాకు తెలుసు. నా గొడవ వాక్యంతో కాదు.

పొద్దున ఏడున్నరకి అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నా. పోయిన వారమే కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండు రకాల చుక్కల మందులు. మొదటిది వేశాక ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవాలి, ఆ తర్వాతే రెండోది. ఆ ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపు. శ్రమదినాలకని, అంటే ఈస్టర్ ముందు ఉపవాసాల 40 రోజులకని పెట్టారు, పేరు 'నూతన బలం'. డీపీలో రెక్కలు చాపిన పక్షిరాజు, వెనకాల మంచు కొండలు. గుంటూరులో మార్చి నెలలో మంచు కొండలు చూస్తే అదో ఉపశమనంలెండి, కాదనను. వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒక చేతిలో మందు సీసా ఉంది, రెండో చేతి బొటనవేలితో ఆలోచించకుండా నొక్కేశా. స్పీకర్‌లో మోగింది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ కింది వారు అధ్యాయాల్లో వెనకబడి ఉన్నారు. వీరి ఆత్మీయ స్థితి గురించి భారంతో ప్రార్థించండి."

తర్వాత పేర్లు. నాలుగో పేరు మా అమ్మది.

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "నాకేమైందే?" అంది. "నా ఆత్మీయ స్థితికి ఏమైంది?"

72 ఏళ్ళ మనిషి. స్త్రీల సమాజంలో 40 ఏళ్ళు తిరిగిన మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో సగం పుస్తకం చూడకుండా పాడుతుంది. డాక్టరేమో నల్ల కళ్ళద్దాలు తీయొద్దు, చదవొద్దు, కంటికి శ్రమ ఇవ్వొద్దు అన్నాడు. గ్రూపేమో ఎర్ర చుక్క ఇచ్చింది.

ఆ చుక్కల సంగతి తెలియని అదృష్టవంతుల కోసం చెప్తాను. రోజూ రాత్రి పదింటికి ఒక పట్టిక పెడతారు. పేరుకి ఎదురుగా ఆకుపచ్చ చుక్క అంటే ఆ రోజు అధ్యాయాలు చదివారని, ఉదయం ఐదు గంటల జూమ్ ప్రార్థనకి వచ్చారని. ఎర్ర చుక్క అంటే లేదని. 40 రోజుల్లో కొత్త నిబంధన మొత్తం పూర్తి చేయాలట. 260 అధ్యాయాలు, అంటే రోజుకి ఆరున్నర. ఆ అర దగ్గర ఎక్కడ ఆపాలో అడిగితే, సిస్టర్ వెటకారం వద్దు అన్నారు. నేను బడిపంతులమ్మని. పగలంతా పిల్లలకి నేను హాజరు వేస్తా, రాత్రి నాకు ఎవరో వేస్తారు. బాగుంది.

ఇంకో ముచ్చట. శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా వేళ్ళ మీద లెక్కపెట్టండి, 46 రోజులు వస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం లెక్కలోకి రాదని పాతకాలం పెద్దలే వదిలేశారు. మా పట్టికలో ఆదివారానికి కూడా చుక్క ఉంది. పాతకాలం పెద్దలకి భక్తి తక్కువ కాబోలు.

సరే, అది పొద్దున. నేను బడికి వెళ్ళేసరికి ఇంకో మెసేజ్. ఈసారి పక్షిరాజు కథ, అదే గద్ద కథ.

మీ అందరికీ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీకు క్రైస్తవ బంధువులు లేనట్టే. పక్షిరాజుకి 40 ఏళ్ళు వచ్చేసరికి ముక్కు వంకర పోతుందట, గోళ్ళు మొద్దుబారతాయట, ఈకలు బరువెక్కుతాయట. అప్పుడది కొండ మీదకెళ్ళి ముక్కుని బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దాంతో గోళ్ళు పీకేసుకుంటుందట, కొత్త గోళ్ళు వచ్చాక ఈకలు పీకేసుకుంటుందట. 150 రోజులు ఇలా బాధపడ్డాక ఇంకో 30 ఏళ్ళు బతుకుతుందట. కాబట్టి ప్రియమైన సహోదరీ, నీవు నీ ముక్కును బండకేసి కొట్టుకొనుటకు సిద్ధముగా ఉన్నావా?

నేను చెప్పేది జీవశాస్త్రం. తొమ్మిదో తరగతి పిల్లాడైనా అడుగుతాడు, ముక్కు లేని పక్షి 150 రోజులు ఏం తింటుంది టీచర్ అని. నిజంగా ముక్కు విరిగితే అది ఆకలితో చచ్చిపోతుంది, అంతే. ముక్కూ గోళ్ళూ మన గోళ్ళలాగే జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటాయి. ఈకలైతే ఒకటీ రెండూ రాలుతుంటాయి, వాటి చోట కొత్తవి మొలుస్తుంటాయి. అది ఈలోపు ఎగురుతూనే ఉంటుంది, వేటాడుతూనే ఉంటుంది, గూటికి వస్తూనే ఉంటుంది. తన ఈకలు కొత్తవవుతున్న సంగతి దానికి తెలుసో లేదో కూడా అనుమానమే. కీర్తన 103లో 'పక్షిరాజు యౌవనమువలె' అన్నది చదివినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే. రాలేది రాలుతుంది, ఇచ్చేవాడు ఇస్తాడు. ఇందులో బండ ఎక్కడుందండీ? సుత్తి ఎక్కడుంది?

ఇక వాళ్ళ డీపీ కింద ఉన్న యెషయా వాక్యం. 'యెహోవా కొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు.' ఎదురు చూచువారు! ఎదురుచూడటానికి ఏ రంగు చుక్క పెడతారో చెప్పండి. ఆపరేషన్ అయిన కన్ను మూసుకుని, రెండో చుక్క కోసం పడుకున్న మనిషి కంటే ఎదురుచూసేవాళ్ళెవరు?

నేను కన్ఫర్మేషన్ క్లాసు, అంటే చర్చిలో పూర్తి సభ్యులయ్యే ముందు చెప్పే విశ్వాస పాఠాలు, చదివింది లూథరన్ల దగ్గర. ఇప్పుడు వెళ్ళే సంఘం వేరే, దాని పేరు చెప్పను, అడగొద్దు. 1529లో మార్టిన్ లూథర్ రాసిన చిన్న క్యాటికిజం, అదే ప్రశ్నలూ జవాబుల పుస్తకం, మాతో బట్టీ పట్టించారు. నా సొంత బుద్ధితోగానీ బలంతోగానీ క్రీస్తును నమ్మడం నా వల్ల కాదు, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడు అని అందులో ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లలం, పాఠం అప్పజెప్పకపోతే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నా బలం వల్ల కాదని బలవంతంగా నేర్పించారన్నమాట. అయినా ఆ మాట మాత్రం లోపల అతుక్కుపోయింది. ఇప్పుడు 'నూతన బలం' అని పేరు పెట్టి, బలమంతా మనల్నే తెచ్చుకోమంటుంటే ఒళ్ళు మండదా?

మొన్న ఒకాయన గ్రూపులో ఫాదర్ హయ్యర్ గారిని లాక్కొచ్చాడు. 1842 జూలై 31న గుంటూరు వచ్చిన ఆ మిషనరీ, 70 దాటాక కూడా అమెరికా నుంచి మళ్ళీ ఓడెక్కి ఆంధ్రకి వచ్చాడు, మీరు ఐదింటికి లేవలేరా అని. నిజమే, వచ్చాడు. అదే హయ్యర్ గారు మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని అమెరికా తిరిగి వెళ్ళాడు కూడా. ఆ సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఐదింటికి లేవడం గురించి అన్నారు కాబట్టి 127వ కీర్తన తీయండి. వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పడుకోవడం వ్యర్థమేనని అందులోనే ఉంది. ఆ వెంటనే, 'తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు.' ఈ వాక్యం మా జూమ్ ప్రార్థనలో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే జూమ్ ఖాళీ అవుతుంది మరి.

జాబితాలో రెండో పేరు మా వీధి చివర అక్కది. మిర్చి సీజను కదా, తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కిలో లెక్కన కూలి, ఎన్ని కిలోలైతే అంత. సాయంత్రం ఆమె నడిచొస్తుంటే ఘాటు ముందొస్తుంది, మనిషి తర్వాత. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులు ఎక్కడా తగలకుండా గాల్లో పట్టుకుని కూర్చుంటుంది. ఒకరోజు ఆ చేత్తోనే బైబిలు పేజీ తిప్పిందట, మర్నాడు ఆదివారం గుడిలో అదే పేజీ తిప్పి కన్ను నలుపుకుంది. ప్రసంగం అయిపోయేదాకా ఒకటే కన్నీళ్ళు. పాస్టరు అయ్యగారు వేదిక మీద నుంచి చూసి, ఈరోజు ఆత్మ బలంగా పనిచేస్తోంది అన్నారు. తర్వాత చెప్పి ఆమె పడిపడి నవ్వింది. ఆమెకి 11 ఎర్ర చుక్కలు.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. కర్మెలు కొండ మీద అంత గెలిచాక, రాణి ఒక్క బెదిరింపుకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఏం చేశాడు? పట్టిక పంపాడా? నిద్రపోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, అందుకూ ఏమీ అనలేదు. రెండోసారి లేపి, 'నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము' అన్నాడు. శక్తికి మించిందని దేవుడే ఒప్పుకుంటున్నాడు. ఆ భోజనం బలంతో 40 రోజులు నడిచాడు. మా గ్రూపు వాళ్ళకి ఆ కథలో నచ్చింది 40 ఒక్కటే.

ఇదంతా ఒక వాయిస్ మెసేజ్‌కేనా అంటారు మీరు. కాదు. ఆ గద్ద కథ నేను మొదటిసారి విన్నది 12 ఏళ్ళ క్రితం.

నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఉజ్జీవ సభలు జరుగుతుంటే అరండల్‌పేట నుంచి ఆటోలో తీసుకెళ్ళాం. అమ్మ ఆయనకి ఇస్త్రీ చొక్కా వేసింది, తెల్లది. ఎక్కడి నుంచో వచ్చిన దైవజనుడు ముందు గద్ద కథ చెప్పాడు, బండకేసి కొట్టుకోవడం అభినయించి మరీ చూపించాడు. తర్వాత నాన్న తల మీద చెయ్యి పెట్టి, లే, లే, లే అన్నాడు. నాన్న లేవబోయాడు. కుడి కాలు వణికింది. నేను నడుం పట్టుకున్నా. లేవలేకపోయాడు. దైవజనుడు మైకు తీసుకుని, ఈ ఇంట్లో ఎవరి విశ్వాసమో పాతబడిపోయింది, దాన్ని కొత్తది చేసుకోండి అన్నాడు. అన్ని వేలమంది ముందు. వెంటనే కానుకల సంచి వచ్చింది. అమ్మ వేసింది కూడా.

లేచి ఉంటే దేవుని శక్తి. లేవకపోతే మా విశ్వాసం. ఈ లెక్కలో ఎప్పుడైనా దైవజనుడు ఫెయిలవుతాడా?

ఆ రోజు నుంచి అమ్మ శుక్రవారాలు ఉపవాసం పట్టింది. రెండేళ్ళకి నాన్న పోయాడు. సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక ఆ రాత్రి అమ్మ నాతో అన్న మొదటి మాట, "ఒక శుక్రవారం నేను టీ తాగానే." ఇప్పటికీ అంటుంది, ఏడాదికోసారైనా. మేనత్తలు, పిన్నులు, అయ్యగారు, అందరూ సర్దిచెప్పారు. ఆ టీ మాత్రం చల్లారలేదు.

అలాంటి మనిషి పేరు చదివి 'ఆత్మీయ స్థితి' అన్నారు. ఎవరూ నాకు చెప్పక్కర్లేదు, పేరు తీసేయమని మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో గ్రూపు నడిపేవాళ్ళకి నేనే ఫోన్ చేశా. "సిస్టర్, ప్రేమతోనే కదా" అన్నారు. మా అమ్మకి ఆపరేషన్ అయిన సంగతి తెలుసా అని అడిగితే తెలుసట. పోయిన ఆదివారం ప్రార్థన మనవుల్లో చదివారట. ఆడియో బైబిలు ఉంది కదా, వినిపించకపోయారా అని నాకే ఎదురు ప్రశ్న.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకి రాజుల గ్రంథం, బదరీ చెట్టు భాగం చదివి వినిపించా. ఆరున్నర అధ్యాయాలు కాదు, ఎనిమిది వచనాలు. "రెండుసార్లు తినిపించాడా!" అంది, కొత్తగా విన్నట్టు. తర్వాత పెరుగన్నంలో మాగాయ అడిగింది.

ఇప్పుడు రాత్రి పదీ ఇరవై. పట్టిక వచ్చేసింది. నాకు విడిగా ఒక మెసేజ్ కూడా: "అమ్మగారి అధ్యాయాలు, సిస్టర్?"

"తిని పడుకుంది" అని పెట్టా.

రెండు గీతలూ నీలం అయ్యాయి. ఇంకా ఏమీ టైప్ చేయట్లేదు.